కాలు ఎత్తితే వినపడేవి

“మీ ముసలమ్మ ఇంకా లేవలేదా?” అన్నాడు మా ఆయన, గడ్డానికి నురగ పట్టిస్తూ.

ముసలమ్మ అంటే మా అత్తయ్య కాదు, కంప్యూటరు. వంటింటికీ హాలుకీ మధ్య ఉన్న నడవలో, ఫ్రిజ్ పక్కన, చెక్కబల్ల మీద దాని తెర ఉంటుంది. బల్ల కింద దాని నల్లటి పెట్టె. పొద్దున్నే దాని మీట నొక్కి నేను బియ్యం కడగడానికి పోతాను. బియ్యం పొయ్యి మీదికి ఎక్కించి, మా అమ్మాయి నీళ్ళ సీసా నింపి, అత్తయ్య మోకాలికి మందు రాసి, మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసి వచ్చేసరికి కూడా తెర మీద ఆ చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. నాకు దాని మీద కోపం రాదు. ఈ ఇంట్లో నేను వచ్చేదాకా ఓపిగ్గా ఆగేది అదొక్కటే. దాని నెమ్మదికి నా పనులు అతుక్కుపోయాయి. అది త్వరగా లేస్తే ఈ పనులన్నీ ఎప్పుడు చేసేదాన్నో నాకు తెలియదు.

“లేస్తుందిలెండి,” అన్నాను.

“ఇంకా ఎన్నాళ్ళు దాన్ని పట్టుకుని వేలాడతావు? పాత సామాన్లవాడికిచ్చినా మొహం చిట్లిస్తాడు.”

నేను మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాను. చొక్కా చేతులు ఇస్త్రీ అవలేదు, అది చూసుకోవాలి.

నా పని గురించి చెప్పాలి. డాక్టర్లు రోగుల్ని చూశాక, ఏం చూశారో, ఏం మందులు రాశారో ఒక చిన్న యంత్రంలోకి చెప్పి పెడతారు. ఆ మాటలు ఒక కంపెనీ ద్వారా నా దగ్గరికి వస్తాయి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, టైపు చేసి, తిరిగి పంపిస్తాను. ఒక డాక్టరు మాట మధ్యలో ఆవులిస్తాడు. ఇంకొకాయన రైలు అందుకోవాలన్నంత తొందరగా చెబుతాడు. ఒక డాక్టరమ్మ ఎప్పుడూ ఏదో నములుతూ చెబుతుంది, పాపం ఆవిడకు తినడానికి విడిగా టైము దొరకదేమో. ఎడమ కాలు అన్నచోట కుడి కాలు అని కొట్టానంటే ఎవరికో ప్రాణం మీదికి వస్తుంది. అందుకని విన్నది విన్నట్టు, ఒక్క మాట పోకుండా, ఒక్క మాట చేరకుండా రాయడం నాకు అలవాటైపోయింది. దగ్గు ఎక్కడ వచ్చిందో కూడా గుర్తుంటుంది.

చేతులు రెండూ టైపు మీద ఉంటాయి కాబట్టి గొంతును నడిపేది కాలే. బల్ల కింద ఒక పెడల్ ఉంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు. కాలు ఎత్తితే మాట మధ్యలోనైనా సరే ఆగిపోతాడు. టైపు మాటను అందుకున్నాక మళ్ళీ నొక్కుతాను. రోజంతా ఇదే, నొక్కడం, ఎత్తడం. నా హెడ్‌ఫోన్లు చవక రకం, చెవుల మీద ఊరికే ఆని ఉంటాయి. కాలు ఎత్తగానే డాక్టరు గొంతు పోయి ఇంట్లో గొంతులు వినపడతాయి.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే. మా ఆయన ఆ పెడల్‌ను నేను కాళ్ళ నొప్పులకు పెట్టుకున్న పీట అనుకున్నాడు. ఒకసారి ఇంటికొచ్చిన స్నేహితుడికి నా కుర్చీ, బల్ల చూపిస్తూ, “మా ఆవిడకు కాళ్ళు లాగుతాయని కింద పీట కూడా ఉంది చూడు. నీడపట్టున కూర్చుని చేసుకునే ఉద్యోగం, రాజభోగం!” అన్నాడు. ఆ రాజభోగంలో ఉన్న నేను అప్పుడు కాలు ఎత్తి ఉన్నాను.

హెడ్‌ఫోన్లు తలకెక్కితే నాకు చెవుడు వచ్చినట్టే వాళ్ళ లెక్క. నా వెనక నిలబడి మాట్లాడుకుంటారు, నా తల మీదుగా మాట్లాడుకుంటారు, నా పక్కనే ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని నా గురించే మాట్లాడుకుంటారు. మొదట్లో ఒకటి రెండుసార్లు వెనక్కి తిరగబోయాను. తర్వాత తిరగడం మానేశాను. ఎందుకంటే మనిషికి ఒక పాడు ఆశ ఉంటుంది, మనం లేనప్పుడు మన గురించి మనవాళ్ళు ఏమనుకుంటారో తెలుసుకోవాలని. చాలామందికి ఆ అవకాశం రాదు. నాకు రోజూ వచ్చేది, నా కుర్చీలో నేను కూర్చుని ఉండగానే.

అలా విన్నవి చాలా ఉన్నాయి. అత్తయ్య తన అక్కతో ఫోన్లో, “చెవులకు ఆ గిన్నెలు తగిలించుకుందంటే పిడుగు పడ్డా పలకదే. మహారాణి!” అనేది. మా ఆయన తన ఆఫీసులో పెద్దాయనతో, “ఖాళీగా ఉండి బుర్ర పాడుచేసుకోవడం కంటే ఏదో ఒకటి, టైంపాస్ సార్,” అన్నాడు. ఆ టైంపాస్‌తోనే ఈ ఇంటి కరెంటు బిల్లు, అత్తయ్య మందులు, మా అమ్మాయి ఫీజు నడుస్తాయి. సరే, ఆయన మాట ఆయనది. అన్నిటికంటే మా అమ్మాయి మాట లోపలికి దిగింది. కాలేజీ స్నేహితురాలెవరో అడిగినట్టుంది, “మా అమ్మా? ఏం చేయదు. ఇంట్లోనే ఉంటుంది,” అంది. అలా అంటూ నా భుజం మీదుగా చెయ్యి చాపి బల్ల మీది పెన్ను తీసుకుంది. నా చేతివేళ్ళు అప్పుడు ఎవరి గుండె జబ్బునో కొడుతున్నాయి.

అయితే అన్నీ అలాంటివే కాదు. మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అత్తయ్య కుర్చీ లాక్కుని ఫ్రిజ్ పక్కన కూర్చుంటుంది. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తూ మాట్లాడుతుంది. నాతో కాదు, నా హెడ్‌ఫోన్లతో. ఎదురుపడితే ఉప్పు ఎక్కువైంది, గిన్నె సరిగ్గా తోమలేదు అని తప్ప ఇంకో మాట రాని మనిషి, అలా కూర్చున్నప్పుడు ఎన్ని చెప్పేదో. ఒకరోజు కుట్టుమిషన్ గురించి చెప్పింది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న కొనిచ్చాడట. పెళ్ళయ్యాక దాంతో వీధి వీధంతటికీ బట్టలు కుట్టిందట. “నా కుట్టు చూసి ఇది చేతిపనా అని అడిగేవాళ్ళు. కాలు పెడితే గాలిలా పోయేది మిషను. వీడు పుట్టినప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నాను. పిల్లాణ్ణెత్తుకుని ఇంటికొచ్చేసరికి మిషన్ ఉన్నచోట ఉయ్యాల ఉంది. అమ్మేశారు. మంచి ఉయ్యాలే. నేను దాని గురించి అడగలేదు, ఆయనా చెప్పలేదు. చంటిపిల్లాడుండగా ఇంకా మిషనేంటి అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.” నేను కదలకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. కదిలితే ఆవిడ మాట ఆపేస్తుందని భయం. నా కళ్ళలోకి నీళ్ళు వచ్చినా తుడుచుకోలేదు.

ఇలా ఉండగా మా సూపర్‌వైజరమ్మ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. వచ్చే నెల నుంచి కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారుతోంది, పాత కంప్యూటర్లలో అది నడవదు, మీ కంప్యూటరు మార్చుకోండి, లేదా బాగుచేయించుకోండి, కుదరకపోతే ముందుగా చెప్పండి, మీ పని ఇంకొకరికి ఇస్తాం. ఆవిడ మంచి మనిషే. కానీ మెసేజ్ అంటే మెసేజే. ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

“చూద్దాంలే,” అన్నాడు మా ఆయన.

“చూద్దాం అంటే, నెలాఖరు లోపల చూడాలి.”

“అబ్బ, చూద్దామన్నానుగా. అన్నం తిననిస్తావా?”

“నాకు ఎలాగూ ల్యాప్‌టాప్ కావాలి నాన్నా,” అంది మా అమ్మాయి. “మా క్లాసులో లేనిది నాకొక్కదానికే.”

అది నిజమే. దానికి కావాలి. అది అడగడంలో తప్పు లేదు. నాకూ ఒక ఆశ పుట్టింది, కొత్తది ఒకటి కొంటే పగలు నేను, సాయంత్రం అది వాడుకోవచ్చని. ఆ ఆశతోనే ఆదివారం దాకా ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య హాల్లో దివాను మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను నములుతూ మాట్లాడే డాక్టరమ్మ చెప్పింది కొడుతున్నాను. మా ఆయన, మా అమ్మాయి ఫోన్లో ల్యాప్‌టాప్ బొమ్మలు చూసుకుంటూ నా వెనకాల, ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడ్డారు. మా ఇంట్లో చల్లటి నీళ్ళు తాగుతూ మాట్లాడుకోవడానికి అదే చోటు. నేను వాక్యం అందుకోవడానికి కాలు ఎత్తాను.

“మరి అమ్మ పని?” అంటోంది మా అమ్మాయి. “అమ్మ కూడా దీన్లోనే చేసుకుంటుందా?”

“అమ్మ ఇన్నాళ్ళు చేసిందిగా, చాలు. వచ్చే నెల నాయనమ్మకు మోకాలి ఆపరేషన్. తర్వాత మంచం మీంచి లేపాలి, నడిపించాలి, స్నానం చేయించాలి. మనిషిని పెడదామంటే నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?”

“అమ్మకు చెప్పావా?”

“మానెయ్యి అంటే ఊరుకుంటుందా? కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. మనం చెడ్డవాళ్ళం ఎందుకు కావాలి?” మా ఆయన దగ్గాడు. “అది ఎలాగూ రేపో మాపో పోయేదే. పోతే బాగుచేయించొద్దు, అంతే. కొత్తది నీ చదువుకని కొంటున్నాం, నీ దగ్గరే ఉంచుకో. మిషన్ పోయింది కాబట్టి పని పోయింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు.”

మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. ఆ కాసేపట్లో నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కుకున్నానో చెప్పలేను. అది ఒక్క మాట అంటుందని, కనీసం ‘పాపం అమ్మ’ అంటుందని.

“అయితే వెండి రంగుది తీసుకుందాం నాన్నా,” అంది. “నల్లది చూడ్డానికి పాతదానిలాగే ఉంటుంది.”

నా కాలు కిందికి దిగలేదు. నొక్కాలని నాకు తెలుసు, ఎంతసేపు ఎత్తి ఉంచానో ఎవరైనా చూస్తే అనే భయం కూడా వచ్చింది, కానీ కాలు నా మాట వినలేదు. మా ఆయన నన్ను కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కూడా కాదు. నాకు జ్వరమొస్తే మందుల షాపుకు పరిగెత్తుతాడు. నేను ఏడవకూడదనే ఇంత ఆలోచించాడు. నా ఉద్యోగం తీసెయ్యాలని ముందే అనుకుని, నాకు నొప్పి తెలియకుండా ఎలా తీయాలా అని కూర్చుని దారి వెతికాడు. నేను కంప్యూటరు పోయిందని రెండు రోజులు బాధపడి, తర్వాత అత్తయ్య మంచం పక్కకు నా అంతట నేనే వెళ్ళి కూర్చునేదాన్ని. నా రాత అనుకునేదాన్ని. ఇదంతా నాకు చేసినవాడు నన్ను ఓదార్చేవాడు కూడా. ఇది తలుచుకుంటే దుఃఖం కంటే ముందు అసహ్యం వేసింది. ఆ తర్వాత దుఃఖమూ వచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన స్నానాల గదిలో ఉండగా ఆయన పర్సులోంచి నా కార్డు తీసుకున్నాను. జీతం నా పేరు మీదే పడుతుంది. కార్డు మాత్రం, నేను పోగొడతానని, ఆయన దగ్గర ఉంటుంది.

“నా కార్డు తీసుకుంటున్నానండీ,” అని తలుపు బయటి నుంచి అరిచాను.

“ఎంత కావాలో చెప్పు, సాయంత్రం తెస్తాను.”

“డబ్బు కాదు. కార్డు కావాలి.”

నీళ్ళ చప్పుడులో ఆయనకు వినపడిందో లేదో. మా ఆయన, అమ్మాయి వెళ్ళాక నల్లపెట్టెకు తీగలన్నీ పీకి, పాత దుప్పట్లో మూటకట్టి, చంకనెత్తుకుని బస్సెక్కాను. పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు దాటి వచ్చింది. పక్కనున్నామె, “ఏంటమ్మా అది, దేవుడి పటమా?” అంది. కంప్యూటరన్నాను. అదేదో నవ్వులాట అనుకుని నవ్వింది.

షాపతను పెట్టె మూత విప్పి వెనక్కి జరిగాడు. లోపల దుమ్ము మందంగా దూది పట్టినట్టు పట్టి ఉంది. నా వెంట్రుకలు ఉండలుగా, ఫ్యాను రెక్కలకు నూనెజిడ్డు.

“వంటింట్లో పెట్టారా దీన్ని?”

“వంటింటి పక్కన.”

“ఇంత పాతదాని మీద డబ్బు పెట్టడం దండగమ్మా. కొత్త ల్యాప్‌టాప్‌లు బ్రహ్మాండమైనవి ఉన్నాయి. ఒకసారి సార్‌ను తీసుకురండి, మాట్లాడదాం.”

“ఇది నాది,” అన్నాను. “నాతోనే మాట్లాడండి.”

అతను నన్ను చూసి, పెట్టెను చూసి, రెండు దారులూ చెప్పాడు. కొత్తది కొంటే మళ్ళీ కొన్నేళ్ళు చూసుకోనక్కర్లేదు, చేత్తో పట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. పాతదే ఉంచుకుంటానంటే, లోపలి డిస్కు తీసి ఇప్పటి రకం డిస్కు వేస్తాడు, మెమరీ పెంచుతాడు, ఫ్యాను మారుస్తాడు, మొత్తం తుడిచి ప్రోగ్రాములన్నీ కొత్తగా ఎక్కిస్తాడు. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ పేరు చెబితే, నడుస్తుంది అన్నాడు. నేను సంచిలోంచి పెడల్ తీసి దాని తీగ చివరి పిన్ను చూపించాను. “ఇలాంటిది ల్యాప్‌టాప్‌లకు ఎక్కదమ్మా. వాటికి ఈ రంధ్రాలు ఎప్పుడో మానేశారు,” అన్నాడు.

నేను షాపు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నాకు కొత్త వస్తువుల మీద మోజు లేకపోలేదు. వెండి రంగుది గాజు అరలో మెరుస్తోంది, మూత తెరిస్తే చప్పుడు లేకుండా లేస్తోంది. కానీ చేత్తో పట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా ఇంట్లో చేత్తో పట్టుకెళ్ళగలిగినదేదీ నాది కాదు. నా పెన్ను, నా కార్డు, నా దువ్వెన, నా ఆదివారం, ఎవరికి అవసరమైతే వాళ్ళు పట్టుకెళతారు. అందరి అవసరాలూ తీరాక మిగిలితే అప్పుడు నాది. ఈ నల్లపెట్టెను ఇన్నేళ్ళుగా ఎవరూ ఎత్తలేదంటే అది బరువని, ముసలిదని. అందుకే నాకు మిగిలింది. దాని పెట్టె గట్టిగానే ఉంది, దాని తెరా బాగానే ఉంది, లోపల అరిగినవి మారిస్తే చాలు. మా ఇంట్లో పారేయమని అన్నవాళ్ళెవరూ మూత విప్పి చూసినవాళ్ళు కాదు.

“బాగుచేయండి,” అన్నాను. ఎల్లుండి రమ్మన్నాడు.

ఇంటికొచ్చేసరికి నడవ బోడిగా కనపడింది. పెట్టె ఉన్నచోట నేల రంగు వేరుగా ఉంది. తడిగుడ్డతో అక్కడ తుడుస్తుంటే అత్తయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి ఫ్రిజ్ పక్కన కుర్చీలో కూర్చుంది. వెల్లుల్లి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది గాని ఒలవలేదు.

“ఏమైనా కావాలా అత్తయ్యా?”

“ఏం వద్దు.” పళ్ళెంలోకే చూస్తూ, “నువ్వు ఆ గిన్నెలు పెట్టుకుంటేనే నాకు మాట్లాడ్డం చేతనవుతుంది. ఇలా మొహంలోకి చూస్తుంటే రాదు,” అంది.

నా చెయ్యి ఆగిపోయింది. “అవి పెట్టుకుంటే నాకేం వినపడదు కదా,” అన్నాను, జాగ్రత్తగా.

“మిషన్ తొక్కినదాన్ని, నాకు చెప్పకు. కాలు ఆగిందంటే పని ఆగినట్టే. నీ కాలు ఎప్పుడు ఆగుతుందో నేను చూస్తూనే ఉంటాను.”

నేను నేల మీద అలాగే కూలబడ్డాను. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే వింటున్నాననుకున్నాను. నేను వింటున్నానని తెలిసే ఈవిడ మాట్లాడింది.

“మరి మహారాణి అన్నది?”

“నువ్వు వినాలనే అన్నాను.”

“మిషన్ సంగతి?”

“అదీ వినాలనే.” ఆవిడ మొహంలో సిగ్గూ లేదు, జాలీ లేదు. “నిన్న వాడన్నదీ విన్నావు.”

“విన్నాను. మీరు విన్నారా?”

“గోడవైపు తిరిగి పడుకుంటే చెవులు కూడా గోడకు అతుక్కుపోతాయా?”

నవ్వొచ్చింది నాకు. నవ్వు గొంతు దాకా వచ్చి ఏడుపైపోయింది. ఆవిడ ఓదార్చలేదు, ఏడుపయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత అంది: “ఆపరేషన్ నాకు. చేసేదానివి నువ్వు. వాడు నిన్నడగలేదు, నన్నూ అడగలేదు.”

“అడిగితే ఏమనేవారు అత్తయ్యా?”

ఆవిడ ఒక వెల్లుల్లి రెబ్బ తీసి గోటితో గీరింది. “నువ్వే కావాలనేదాన్ని. అబద్ధమెందుకు? పరాయి మనిషి ముందు బట్టలు విప్పుకుని నిలబడాలంటే నాకు చచ్చేంత సిగ్గు. నీ చెయ్యి అలవాటు.”

నాకేమీ అక్కర్లేదు, నీ పని నువ్వు చేసుకో అని ఆవిడ అని ఉంటే నాకు ఎంత తేలికయ్యేదో. కరిగిపోయి, కాళ్ళ మీద పడి, నేనే చేస్తానత్తయ్యా అనేదాన్నేమో కూడా. ఆవిడ నిజం చెప్పింది కాబట్టి నేనూ నిజమే చెప్పాల్సి వచ్చింది.

“స్నానం నేను చేయిస్తాను,” అన్నాను. “పొద్దున్న, పనిలో కూర్చోక ముందు. ఒకసారి కూర్చున్నాక సాయంత్రం దాకా లేవను.”

“పిలిచినా లేవవా?”

“లేవను.”

“వినపడినా?”

“వినపడినా.”

నా మాట నాకే రాయిలా తగిలింది. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. కోపమో, బాధో, ఆవిడకైనా తెలుసో లేదో. పళ్ళెం దగ్గరికి లాక్కుని వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. నేను నేల తుడవడం పూర్తిచేశాను.

సాయంత్రం మా ఆయన వస్తూనే బల్ల కింద ఖాళీ చోటు వైపు చూశాడు. ఆయన భుజాలు తేలికగా దిగడం నేను కళ్ళారా చూశాను.

“పోయిందా?” అన్నాడు, పోయినవాళ్ళింట్లో మాట్లాడే గొంతుతో. “పోనీలే. ఎంతకని లాగుతుంది. నువ్వూ అలిసిపోయావు. కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉండు. అమ్మ ఆపరేషన్ కూడా ఉంది కదా, ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది.”

అందరూ భోజనానికి కూర్చునేదాకా ఆగాను. అందరికీ వడ్డించి, నాకూ వడ్డించుకుని కూర్చుని, పనిలో చదివి సరిచూసుకునే గొంతుతో, పైకీ కిందికీ పోకుండా, మొదలుపెట్టాను.

“‘మానెయ్యి అంటే ఊరుకుంటుందా? కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. మనం చెడ్డవాళ్ళం ఎందుకు కావాలి?’ ఇక్కడ మీరు దగ్గారు. ‘అది ఎలాగూ రేపో మాపో పోయేదే. పోతే బాగుచేయించొద్దు, అంతే. కొత్తది నీ చదువుకని కొంటున్నాం, నీ దగ్గరే ఉంచుకో. మిషన్ పోయింది కాబట్టి పని పోయింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు.’”

మా అమ్మాయి చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది.

“చాటుగా విన్నావా?” అన్నాడు మా ఆయన.

“నా కుర్చీలో కూర్చుని విన్నాను. నా వెనక నిలబడింది మీరు.”

“చెవులకు అది పెట్టుకునే ఉన్నావుగా!”

పెడల్ గురించి చెప్పాను. మీరు కాళ్ళ నొప్పుల పీట అనుకున్నారే, అదేనని చెప్పాను. ఆయన మెడ తిప్పి నడవలోకి, బల్ల కిందికి చూశాడు. “ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఇన్నేళ్ళలో నా వెనక ఏమేం అన్నాడో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. అలాంటి రోజు వస్తే నాకు సంతోషంగా ఉంటుందని ఎన్నోసార్లు అనుకున్నాను. సంతోషం కలగలేదు. ఆయన మొహం చూస్తే జాలి కూడా కలిగింది, కానీ దాన్ని పట్టించుకోదలచుకోలేదు.

“మొదటి నుంచీ,” అన్నాను.

“అమ్మా, నేను...” అంది మా అమ్మాయి.

“నీకు ల్యాప్‌టాప్ కావాలి, కొనుక్కో. వెండి రంగుదే కొనుక్కో. దానికీ నా పనికీ సంబంధం లేదు.” మా ఆయన వైపు తిరిగాను. “నా కంప్యూటరు పోలేదు. బాగుచేయడానికి ఇచ్చాను, ఎల్లుండి వస్తుంది. నడవలోకి రాదు. పడగ్గదిలో కిటికీ పక్కకు వస్తుంది. అక్కడున్న ఇస్త్రీ బల్ల ఇక్కడికి వస్తుంది.”

ఆయన మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు, మెల్లగా అడిగాడు. “మరి అమ్మను ఎవరు చూసుకుంటారు?”

ఈ ఇంట్లో ‘ఎవరు’ అనే మాటతో ఏ ప్రశ్న వచ్చినా అది పూర్తయ్యేలోపలే నేను జవాబిచ్చేదాన్ని. ఎవరు తెస్తారు, ఎవరు వెళతారు, ఎవరు ఉంటారు అంటే నేను, నేను, నేను. ఇప్పుడూ జవాబు నోటి దాకా వచ్చింది. స్నానం నేను చేయిస్తానని చెబితే మిగతాదంతా దాని వెనకాలే నా మీదికి నడిచి వస్తుందని తెలుసు. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. ముగ్గురూ నా వైపే చూస్తున్నారనుకున్నాను, కానీ అత్తయ్య చూస్తున్నది నా వైపు కాదు.

“స్నానం కోడలు చేయిస్తానంది,” అందావిడ, కొడుకుతో. “డాక్టరు రోజూ పొద్దున్నే నడిపించమన్నాడు, అందరి పనులూ మొదలవక ముందే. అది నీ పని. నువ్వు పొద్దున ఎన్నింటికి లేస్తావురా?”

మా ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచి, అలవాటు కొద్దీ నా వైపు చూశాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన్ని రోజూ నేనే లేపుతున్నాను. ఎన్నింటికి లేస్తాడో ఆయనకు తెలియదు.

నాకు తెలుసు. నేను చెప్పలేదు.